ఈలపీట నుంచి తాడు డబ్బా దాకా

"కత్తి ఎందుకు కోస్తుంది?" అని ఎవరైనా అడిగితే "పదునుగా ఉంది కాబట్టి" అని మీరు ఠక్కున జవాబు చెబుతారు. సరే, పదును అంటే ఏమిటి? అక్కడ మాత్రం కాస్త తడబడతారు. రోజూ మూడు పూటలా మన కళ్ళ ముందే జరిగే పని ఇది. అమ్మ ఉల్లిగడ్డ కోస్తుంది, నానమ్మ గోకరకాయలు తరుగుతుంది, అక్క టమాటలు ముక్కలు చేస్తుంది. ఆ చిన్న పనిలో పీడనం, ఘర్షణ, జడత్వం, తులాదండం అన్నీ దాగి ఉన్నాయి. భౌతికశాస్త్రం పాఠాల్లో సగం వంటింట్లోనే చదువుకోవచ్చు.

హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్ళే 65వ నంబరు జాతీయ రహదారి మీద నార్కట్‌పల్లి దాటి నకిరేకల్ చేరేలోగా కట్టంగూర్ వస్తుంది. నల్లగొండ జిల్లాలో అదొక మండల కేంద్రం. ఆ ఊళ్ళో గానీ, చుట్టుపక్కల పల్లెల్లో గానీ వంటింట్లోకి తొంగిచూస్తే మూడు తరాల పనిముట్లు ఒకే గూట్లో కనబడడం ఇప్పుడు మామూలే. ఒక మూల నానమ్మ కాలపు ఈలపీట. గట్టు మీద చాకు. దాని పక్కన ఈమధ్యే వచ్చిన, తాడు లాగితే తిరిగే ప్లాస్టిక్ చాపర్. కొత్తది వచ్చింది కదా అని పాతదాన్ని అటక మీదికి విసిరేయాలా? ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ముందు ఒక్కొక్కటీ ఎలా కోస్తుందో తెలియాలి.

పదును లెక్క

పీడనం అంటే బలాన్ని వైశాల్యంతో భాగిస్తే వచ్చేది అని మీరు చదువుకున్నారు. ఒక కత్తి అంచు మందం మిల్లీమీటరులో నూరో వంతు, అంటే 0.01 మి.మీ. అనుకోండి. ఉల్లిగడ్డకు ఆ అంచు 2 సెంటీమీటర్ల పొడవున తగులుతోంది. అప్పుడు తగిలే వైశాల్యం 20 × 0.01 = 0.2 చదరపు మిల్లీమీటర్లు. మీరు కిలో బరువంత, అంటే సుమారు 10 న్యూటన్ల బలంతో నొక్కారనుకుందాం. లెక్క కట్టండి: పీడనం 5 కోట్ల పాస్కల్స్ వస్తుంది. మన చుట్టూ ఉన్న గాలి పీడనానికి ఇది దాదాపు 500 రెట్లు! పాపం, ఉల్లిగడ్డ ఏం తట్టుకుంటుంది?

అదే కత్తి మొద్దుబారి అంచు 0.1 మి.మీ. అయితే? పీడనం పదో వంతుకు పడిపోతుంది. కోయాలంటే మీరు పది రెట్లు బలం పెట్టాలి. అంత బలంతో నొక్కేటప్పుడు కత్తి జారితే అదే బలం వేలి మీద పడుతుంది. పదును కత్తి కన్నా మొద్దు కత్తే ప్రమాదమని పెద్దవాళ్ళు అనేది ఇందుకే.

అంచు కణాలను తెంపడంతో పని సగమే అయింది. కట్టెలు చీల్చేవాళ్ళు పగులులో ఇనుప చీల పెట్టి కొట్టడం చూశారు గదా? చీల కిందికి దిగుతున్నకొద్దీ కట్టెను రెండు పక్కలకూ తోస్తుంది. కత్తి అడ్డకోత కూడా అలాగే ఉంటుంది, పైన మందం, కింద సన్నం. అది లోపలికి దిగుతూ ముక్కలను విడదీస్తుంది. ఆలుగడ్డ కోసేటప్పుడు చివర్లో 'టప్' మని విరిగినట్టు చప్పుడు వచ్చేది దీనివల్లే: అంచు కన్నా ముందే పగులు పరుగెత్తింది.

నొక్కడమా, లాగడమా?

పండిన టమాటను చాకుతో నిలువుగా నొక్కి చూడండి. తోలు లోపలికి నొక్కుకుపోయి, చివరకు పగిలి, రసమంతా చిమ్ముతుంది. అదే చాకును ముందుకూ వెనక్కూ లాగుతూ కోస్తే వేలితో తాకినంత బలానికే తోలు తెగుతుంది. ఈ తేడా వంట చేసేవాళ్ళందరికీ తెలిసిందే. ఎందుకన్నది మాత్రం శాస్త్రవేత్తలు కూర్చుని లెక్క తేల్చాల్సి వచ్చింది. 2012లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఎల్. మహదేవన్, ఆయన సహచరులు మెత్తని అగార్ ముద్దను సన్నని తీగతో కోసి చూశారు. నేరుగా నొక్కితే పదార్థం ముందు చాలా దూరం అణగిపోతుంది, ఆ తర్వాతే తెగుతుంది. పక్కకు లాగుతూ కోస్తే అంత అణగకముందే, తక్కువ బలానికే పగులు మొదలవుతుంది. ఉపరితలాన్ని పక్కకు సాగదీయడం వల్ల అది తెగడం సులువవుతుందన్నమాట.

ఇప్పుడు ఈలపీట దగ్గరికి వద్దాం. కోస్తా వైపు దీన్ని కత్తిపీట అంటారు. కన్నడం వాళ్ళు ఈళిగె మణె అంటారు, కాబట్టి మన 'ఈల'కు చుట్టాలు దగ్గర్లోనే ఉన్నారు. తమిళులకు అరివాళ్మణై, బెంగాలీలకు బొంటి. పేరు ఏదైనా రూపం ఒకటే. ఒక చెక్కపీట, దాని ముందు కొసన పైకి లేచి వంపు తిరిగిన కత్తి, పదునువైపు కోసేవాళ్ళకేసి. కొన్నింటికి కొసన కొబ్బరి తురిమే పళ్ళ బిళ్ళ కూడా ఉంటుంది.

నానమ్మ పీట మీద ఒక కాలు వేసి కూర్చుంటుంది. ఇది ఊరికే అలవాటు కాదు. కూరగాయను కత్తి మీదికి తోసినప్పుడు అంతే బలంతో పీట ముందుకు జారాలి. న్యూటన్ మూడవ నియమం అదే కదా! ఆమె శరీరపు బరువు పీటను నేలకు అదిమి పెట్టడం వల్ల ఘర్షణ పెరిగి పీట కదలదు. కత్తి పట్టుకోనక్కర్లేదు గనుక రెండు చేతులూ కూరగాయకే. తోసే దిశ శరీరానికి అవతలి వైపుకు. ఇక ఆ వంపు సంగతి చూడండి. సొరకాయను తిన్నగా ముందుకు తోసినా, అంచు వంపుగా ఉండడం వల్ల కాయ దాని వెంబడి జారుతూ తెగుతుంది. అంటే నొక్కడం దానంతట అదే లాగి కోయడంగా మారిపోతుంది. మహదేవన్ గారి ప్రయోగానికి కొన్ని తరాల ముందే కమ్మరి కొలిమిలో ఈ వంపు సాగిందని తలుచుకుంటే నాకు ముచ్చటేస్తుంది.

కొలిమి మాట వచ్చింది కాబట్టి ఇంకొక్క ముచ్చట. ఇంగ్లీషు పుస్తకాల్లో 'ఊట్జ్' అని కనబడే ప్రసిద్ధమైన లోహం పేరు మన దక్షిణాది 'ఉక్కు' అనే మాట నుంచే పుట్టిందని చెబుతారు. తెలంగాణలో దానికి పేరుపడ్డ ఊరు నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రం. 19వ శతాబ్దం మొదట్లో ఆ ఉక్కు కొనడానికి పర్షియా వర్తకులు అక్కడిదాకా వచ్చేవారు.

కడప రాయి మీద కత్తి

ఈలపీట మొద్దుబారితే ఏం చేస్తారు? సానపట్టేవాడు వచ్చేదాకా ఆగకుండా మెట్టు మీదో, రాతి కడప మీదో నాలుగు సార్లు రుద్దుతారు. నల్లగొండ ప్రాంతమంతా గ్రానైటు గుట్టలే. ఆ రాయిలో మెరిసే తెల్లని పలుగు, అంటే క్వార్ట్జ్, గింజలు గింజలుగా ఉంటుంది. కాఠిన్యాన్ని కొలిచే మోస్ స్కేలు మీద పలుగురాయి 7. కత్తి ఉక్కు దాదాపు 6. గట్టిది మెత్తనిదాన్ని గీస్తుంది, అందుకే రాయి ఉక్కును అరగదీస్తుంది. మీ ఇంట్లో పింగాణీ కప్పు ఉంటే బోర్లించి చూడండి. అడుగున పూత లేని గరుకు అంచు ఉంటుంది. అదీ ఇదే పని చేస్తుంది. రాతి మీద రుద్దిన అంచును భూతద్దంలో చూస్తే నున్నగా ఉండదు, సన్నని రంపపు పళ్ళలా ఉంటుంది. టమాట తోలును మొదట పట్టుకునేది ఆ పళ్ళే.

పాత ఈలపీటలకు ఒక లోపం ఉంది. అవి మామూలు ఇనుము లేదా ఉక్కు. తడిగా వదిలేస్తే తుప్పు పడతాయి. వంకాయ, అరటికాయ కోస్తే ముక్కలు నల్లబడతాయి. గాలి తగిలి ముక్క ఎలాగూ రంగు మారుతుంది. దానికితోడు కాయలోని వగరు పదార్థాలు ఇనుముతో కలిసి నల్లని రంగునిస్తాయి. క్రోమియం కనీసం 10.5 శాతం కలిపిన స్టెయిన్‌లెస్ స్టీలుతో ఈ బాధ తప్పుతుంది. ఇంగ్లండులోని షెఫీల్డులో హ్యారీ బ్రియర్లీ 1913లో అలాంటి ఉక్కు తయారుచేశాక, అది మొదట చేరిన చోట్లలో భోజనాల బల్ల మీది చాకు ఒకటి.

మామిడికాయ కొట్టే రోజులు

ఎండాకాలంలో తొక్కు పెట్టే రోజులు వస్తాయి. పుల్లని పచ్చి మామిడికాయను టెంకతో సహా ముక్కలు చేయాలి. ప్రతి ముక్కకూ టెంక అంటుకుని ఉంటేనే సంవత్సరమంతా మెత్తబడకుండా నిలుస్తుందని ఇళ్ళలో చెబుతారు. మామూలు ఈలపీట మీద ఆ టెంక తెగదు. అందుకే పెద్ద కత్తి వేరే ఉంటుంది. ఒక కొస పీటకు మేకుతో బిగించి ఉంటుంది, రెండో కొసన పిడి. కత్తి ఎత్తి, కాయ పెట్టి, పిడి పట్టి దించుతారు.

ఇది రెండవ తరగతి తులాదండం. మేకు ఆధారం, మధ్యలో కాయ భారం, చివర చేయి బలం. మేకు నుంచి కాయ 10 సెం.మీ., పిడి 50 సెం.మీ. దూరంలో ఉంటే బలం 5 రెట్లవుతుంది. మీరు 10 కిలోల బరువంత నొక్కితే టెంక మీద 50 కిలోలు పడుతుంది. "అయితే కాయను మేకుకు ఇంకా దగ్గరగా జరిపితే ఇంకా లాభం కదా?" అంటారేమో. లెక్క ప్రకారం నిజమే. కానీ దగ్గరికి జరిపితే కత్తికీ పీటకూ మధ్య కోణం పెద్దదవుతుంది, కాయ సబ్బుబిళ్ళలా బయటికి జారుతుంది. ఎంత దూరంలో పెడితే జారకుండా తెగుతుందో అంగడిలో కాయలు కొట్టేవాళ్ళ చేతికి తెలుసు. ఈ కత్తి దగ్గర పిల్లలకు పని లేదు. ముక్కల్లోంచి జీడి తీసి, గుడ్డతో తుడిచే పని మీది.

తాడు లాగితే ఏమవుతుంది?

ఇప్పుడు కొత్త చాపర్. అంగట్లో ఇవి రెండు మూడు రకాలు. పైనుంచి నొక్కేవి, పిడి తిప్పేవి, తాడు లాగేవి. మన ఇళ్ళలో ఎక్కువగా కనిపించేది తాడుదే. పత్తి చేలలో మందు కొట్టే పెట్రోలు స్ప్రేయరును తాడు లాగి స్టార్టు చేయడం మీరు చూసే ఉంటారు. ఇదీ దాని తమ్ముడే.

మూత లోపల ఒక చిన్న గిలక, దానికి చుట్టిన తాడు, గిలకలో గడియారపు స్ప్రింగులా చుట్టచుట్టిన పలుచని ఉక్కుపట్టీ. తాడు లాగితే గిలక తిరిగి బ్లేడ్లను తిప్పుతుంది, అదే సమయంలో పట్టీ బిగుసుకుంటుంది. చేయి వదిలితే పట్టీ విప్పుకుంటూ తాడును మళ్ళీ చుట్టేస్తుంది. ఆ తిరుగు ప్రయాణంలో కొన్నింటి బ్లేడ్లు ఆగి ఉంటాయి, కొన్నింటివి వెనక్కు తిరుగుతాయి. మీ ఇంట్లోది ఏ రకమో, ఖాళీ డబ్బాకు మూత బిగించి లాగి చూస్తే తెలిసిపోతుంది.

గిలక వ్యాసం 4 సెం.మీ. అనుకుంటే చుట్టుకొలత సుమారు 12.6 సెం.మీ. మీరు 40 సెం.మీ. తాడు లాగితే బ్లేడ్లు మూడు చుట్లకు పైగా తిరుగుతాయి. అర సెకనులో లాగారా, సెకనుకు ఆరు చుట్ల పైమాటే. ఇరుసు నుంచి 5 సెం.మీ. దూరంలో ఉన్న బ్లేడు కొస వేగం సెకనుకు దాదాపు 2 మీటర్లు!

వేగంగా లాగడంలోనే కిటుకంతా ఉంది. పీట మీద కాయను చేయి పట్టుకుంటుంది. డబ్బాలో ఎవరు పట్టుకుంటారు? ఎవరూ లేరు. దాన్ని పట్టి ఉంచేది జడత్వమొక్కటే. తాడును మెల్లగా లాగితే ఉల్లిగడ్డ బ్లేడుతోపాటే గుండ్రంగా తిరుగుతుంది, కోత పడదు. చటుక్కున లాగితే ఉల్లిగడ్డ కదిలేలోగా బ్లేడు దూసుకుపోతుంది. క్యారంబోర్డు మీద కాయిన్ల దొంతరలో అడుగు కాయిన్‌ను స్ట్రయికరుతో కొడితే అదొక్కటే ఎగిరిపోయి మిగతావి కిందికి దిగుతాయి చూడండి, అలాగే.

డబ్బా లోపాలు కూడా ఇక్కడే పుట్టాయి. కొత్తిమీర, పుదీనా తేలిక, జడత్వం తక్కువ. తడిగా ఉంటే బ్లేడుకు అంటుకుని దానితోనే తిరుగుతాయి. కాబట్టి ఆరబెట్టి వేయాలి. డబ్బా నిండా కుక్కితే బ్లేడు ఇరుక్కుపోతుంది; అప్పుడు బలంగా గుంజితే తెగేది ఉల్లిగడ్డ కాదు, తాడు. సగం కన్నా తక్కువ నింపి, ముందే నాలుగు ముక్కలు చేసి వేయాలి. తాడును పైకో కిందికో కాక అడ్డంగా, రంధ్రానికి తిన్నగా లాగితే అంచుకు ఒరుసుకుని అరిగిపోదు. ఇక ముక్కలు ఒకే సైజులో రావు, రాలేవు. ఏ ముక్కకు బ్లేడు ఎన్నిసార్లు తగులుతుందన్నది దాని అదృష్టం. అందుకే కారప్పొడికో పోపుకో సరే గానీ, బెండకాయ వేపుడుకు ఈ డబ్బా పనికిరాదని నా అభిప్రాయం.

కళ్ళనీళ్ళ సంగతి

ఉల్లిగడ్డ కణంలో గంధకమున్న ఒక పదార్థం ఒక అరలో, దాన్ని మార్చే ఎంజైము ఇంకో అరలో ఉంటాయి. కత్తి తగిలి గోడలు తెగితే రెండూ కలుస్తాయి. అక్కడ పుట్టిన పదార్థాన్ని మరో ఎంజైము కళ్ళు మండించే ఆవిరిగా మారుస్తుంది. ఈ రెండో ఎంజైము ఒకటుందని జపాను శాస్త్రవేత్తలు 2002లో బయటపెట్టారు. నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే ఇగ్నోబెల్ బహుమతి 2013లో వాళ్ళకు దక్కింది.

2025లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్ళు వేగంగా తీసే కెమెరాతో ఉల్లి కోతను చిత్రించారు. మొద్దు కత్తి కింద ఉల్లిపొర ముందు అణగి, లోపల పీడనం పెరిగి, పగిలినప్పుడు రసం తుంపరలుగా పైకి చిమ్ముతుంది. పదును కత్తితో, నెమ్మదిగా కోస్తే తుంపరలు తగ్గుతాయి. అంటే కన్నీళ్ళకూ మనం పైన వేసిన పీడనం లెక్కకూ చుట్టరికం ఉందన్నమాట.

డబ్బాకు మూత ఉంది కాబట్టి ఆవిరి బయటికి రాదు. కానీ లోపలే ఉంటుంది. కోసీ కోయగానే మూత తీసి మొహం దగ్గర పెట్టి చూశారో, అంతా ఒక్కసారే! చేయి చాపి, దూరంగా తీయండి. పచ్చిమిరపకాయలకు మాత్రం ఈ డబ్బా నిజంగా మేలు. కారానికి కారణమైన క్యాప్సైసిన్ నీళ్ళలో సరిగా కరగదు, నూనెలో కరుగుతుంది. ముక్కలు కోసిన చేతిని ఎంత కడిగినా మంట పోనిది అందుకే. ముందు కాస్త నూనె రాసి, ఆపై సబ్బుతో కడగాలి.

ఏది, ఎప్పుడు?

చిన్న ముక్క త్వరగా ఉడుకుతుంది. ఎంత త్వరగా? వేడి ముక్క నడిమధ్యకు చేరే కాలం మందం వర్గానికి అనులోమంగా ఉంటుంది. మందం సగమైతే సమయం నాలుగో వంతు. గ్యాసు ఆదా అవుతుంది. కానీ అదే ముక్కకు ఉపరితలం పెరుగుతుంది. 4 సెం.మీ. ఘనాన్ని 1 సెం.మీ. ఘనాలుగా కోస్తే 64 ముక్కలు. ఉపరితలం 96 నుంచి 384 చదరపు సెంటీమీటర్లకు పెరుగుతుంది. అంతమేర గాలీ నీరూ తగిలి సి విటమిన్ వంటివి పోతాయి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ కూరగాయలను కోశాక కాదు, కోయకముందే కడగమని చెబుతుంది. ముక్కలను ఎక్కువసేపు నీళ్ళలో నానబెట్టవద్దనీ అంటుంది. వంకాయ ముక్కలను ఉప్పునీళ్ళలో వేస్తాం గదా అంటారా? పొయ్యి వెలిగించాక కోసి వేయండి, సరిపోతుంది.

ఇక శ్రమ సంగతి. మోకాళ్ళ నొప్పులున్న నానమ్మ నేల మీద గంటసేపు కూర్చుని తరగడం కష్టం. చేతివేళ్ళు బిగుసుకుపోయే వాళ్ళకు చాకు పట్టుకోవడమే బాధ. వాళ్ళకు డబ్బా వరమే, తాడును చటుక్కున లాగే సత్తువ ఉంటే. లేకపోతే ఆ పని మీరు చేయండి, అబ్బాయిలైనా అమ్మాయిలైనా. ఒక్క ఉల్లిగడ్డ కోసమైతే డబ్బా దించవద్దు. దాని మూత, బ్లేడు, గిన్నె విడదీసి కడిగే కాలాన్ని కూడా లెక్కలో వేయాలి. పెళ్ళివంటకు పనికిరాదు, గిన్నె చిన్నది.

వేళ్ళు తెగేది ఎక్కడో తెలుసా? తిరుగుతున్న డబ్బాలో కాదు, మూత ఉంటుంది. కడిగేటప్పుడు! సబ్బునురగలో మునిగిన బ్లేడు కనబడదు. దాన్ని ఇతర గిన్నెలతో కలిపి నీళ్ళలో వేయవద్దు. నడిమి ప్లాస్టిక్ కాడ పట్టుకుని, ధారగా పడే నీళ్ళ కింద బ్రష్షుతో కడగాలి. తెగితే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు వదలకుండా అదిమి, చేయి పైకెత్తి ఉంచాలి. పసుపు, కాఫీపొడి అద్దవద్దు. లోతుగా తెగినా, నెత్తురు ఆగకపోయినా ఆసుపత్రికి వెళ్ళాలి. ధనుర్వాతం తుప్పు వల్ల రాదు. మట్టిలో ఉండే బాక్టీరియా వల్ల వస్తుంది. నేల మీద ఉండే ఈలపీటకు మట్టి అంటడం మామూలే కాబట్టి ఆ గాయాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. 10, 16 ఏళ్ళ వయసులో ఇచ్చే టి.డి. టీకా మీకు పడిందో లేదో ఇంట్లో అడిగి తెలుసుకోండి.

చివరగా, ఇంట్లో గ్రాముల్లో తూచే చిన్న త్రాసు ఉంటే పెద్దవాళ్ళ ఎదుట ఈ ప్రయోగం చేయండి. త్రాసు మీద చెక్కపలక, దాని మీద టమాట పెట్టి అంకెను సున్నాకు తెండి. పెద్దవాళ్ళను చాకుతో తిన్నగా నొక్కమనండి. తోలు తెగే క్షణంలో త్రాసు చూపే అంకె మీరు రాసుకోండి. అంతే పండిన ఇంకో టమాటను చాకు లాగుతూ కోయమని, ఆ అంకే రాయండి. ఆ తర్వాత చాకును రాతి మీద పదును పెట్టించి, రెండూ మళ్ళీ చేయండి. వెయ్యి గ్రాములు అంటే 9.8 న్యూటన్లు. నాలుగు అంకెలు వస్తాయి. వాటిలో ఏ రెండింటి మధ్య తేడా ఎక్కువో ముందే ఊహించి, కాగితం మీద రాసుకున్నాకే మొదలుపెట్టండి.